పాత చిత్రం పక్కన కొత్త చిత్రం

రొమ్ము ఎక్స్‌రేను మామోగ్రామ్ అంటారు. రొమ్మును రెండు పలకల మధ్య అదిమి, తక్కువ శక్తి గల ఎక్స్‌కిరణాలు పంపి దీన్ని తీస్తారు. ఒక్కో రొమ్ముకు పైనుంచి కిందికి ఒకటి, పక్కనుంచి ఏటవాలుగా ఒకటి, మొత్తం నాలుగు చిత్రాలు. కొవ్వు నల్లగానూ, పాలగ్రంథులూ వాటిని పట్టి ఉంచే కణజాలమూ తెల్లగానూ పడతాయి. క్యాన్సర్ గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. అంటే తెలుపులో తెలుపును వెతకాలి. పైగా ఏ ఇద్దరి రొమ్ములూ ఒకే తీరుగా ఉండవు. కాబట్టి మామూలు రొమ్ము ఇలా ఉంటుందని ఒక నమూనా పెట్టుకుని దానితో సరిచూడటం కుదరదు. ఒక స్త్రీ చిత్రాన్ని కొలవడానికి సరైన కొలబద్ద ఆమెదే అయిన పాత చిత్రం. రెండేళ్ల కిందట లేని తెల్లటి మచ్చ ఇప్పుడు కనిపిస్తే, దాని పరిమాణం ఎంత చిన్నదైనా, దాన్ని పట్టించుకోవాలి.

ఈ పోలికను కంప్యూటరుకు అప్పగించవచ్చునా, అప్పగిస్తే ఎవరికి ఎంత మేలు అన్న ప్రశ్నకు రెండు బలమైన జవాబులున్నాయి. అవి ఎదురెదురుగా నిలబడేది పెద్ద నగరాల్లో కాదు, చంద్రపూర్ వంటి చోట్ల. మహారాష్ట్ర తూర్పు అంచున బొగ్గు గనులు, సూపర్ థర్మల్ విద్యుత్ కేంద్రం, బల్లార్‌పూర్ కాగితపు మిల్లు చుట్టూ పెరిగిన జిల్లా ఇది. గనుల్లోకీ మిల్లులోకీ పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. వార్ధా నదికి అవతల ఉన్న రాజురా ప్రాంతం 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. క్యాన్సర్ అనుమానం వస్తే సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని నాగపూర్‌కు వెళ్లడం ఇక్కడివాళ్లకు ఏళ్ల తరబడి అలవాటు. 2015లో చంద్రపూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. జిల్లా ఖనిజ నిధి, రాష్ట్ర ప్రభుత్వం, టాటా ట్రస్టులు కలిసి ఒక క్యాన్సర్ ఆసుపత్రినీ తలపెట్టాయి.

ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ రెండు వాదాలకు కల్పించిన గొంతులు. ఒకరు చంద్రపూర్‌లో మామోగ్రామ్‌లు చదివే రేడియాలజిస్టు. మరొకరు రాజురా అవతలి పల్లెల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే పీహెచ్‌సీ డాక్టరు. ఇద్దరివీ బల్లార్‌పూర్ తెలుగిళ్లే. అందుకే ఒకరినొకరు అక్కా, తమ్ముడూ అని పిలుచుకుంటారు.

పీహెచ్‌సీ డాక్టరు: రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టి చూడటం మీరు ఇప్పటికే చేస్తున్న పని కదా అక్కా. కంటితో అయ్యేదానికి కంప్యూటరు ఎందుకు?

రేడియాలజిస్టు: కన్ను చూసేది పోలికను తమ్ముడూ, తేడాను కాదు. ఎడమన పాతది, కుడిన కొత్తది పెట్టుకుని చూపును అటూ ఇటూ తిప్పుతాం. ఆ తిప్పే క్షణంలో మెదడు ఎంతో వదిలేస్తుంది. ఒక కాల్షియం (సున్నపు) చుక్క మిల్లీమీటరులో అయిదో వంతు ఉండొచ్చు. డిజిటల్ యంత్రంలో ఒక్కో బిందువు 50 నుంచి 100 మైక్రాన్లు, అంటే ఆ చుక్క తెరమీద నాలుగు బిందువులకు మించదు. అలాంటివి అయిదారు కొత్తగా ఒకచోట గుంపుగా చేరితే అది తొలిదశ క్యాన్సర్ జాడ కావచ్చు. పాత చిత్రంలో ఆ చోటు సరిగ్గా ఎక్కడుందో వేలు పెట్టి చూపించే తోడు ఒకటి ఉంటే బాగుంటుందని ప్రతి రేడియాలజిస్టుకూ అనిపిస్తుంది.

పీహెచ్‌సీ డాక్టరు: ఒకదానిమీద ఒకటి పెట్టి తీసివేస్తే మిగిలేదే మార్పు. లెక్క అంత తేలికే అయితే ఇన్నేళ్లుగా ఎందుకు తేలలేదు?

ఈ ప్రశ్నలోనే విషయమంతా ఉంది. పుర్రె ఎక్స్‌రేలు రెండు తీస్తే ఎముక ఎముకమీద కూర్చుంటుంది. రొమ్ములో ఎముక లేదు. పలకల మధ్య ఒకసారి కాస్త ఎక్కువగా, మరోసారి కాస్త తక్కువగా అదిమితే లోపలి కణజాలం వేరే తీరులో పరుచుకుంటుంది. టెక్నీషియన్ మారినా, స్త్రీ నిలుచున్న తీరు మారినా, భుజం బిగుసుకున్నా చిత్రం మారుతుంది. మూడు కొలతల్లో ఉన్న వస్తువు రెండు కొలతల్లో నీడగా పడుతుంది కనుక, లోపల ఒకదానివెనక ఒకటి ఉన్న రెండు పోగులు ఒక ఏడాది విడివిడిగానూ, మరుసటి ఏడాది కలిసిపోయి గడ్డలాగానూ కనిపించవచ్చు. ఒళ్లు చేసినా, చిక్కినా, బిడ్డకు పాలిచ్చినా, ముట్లు ఆగినా కూడా రొమ్ము మారుతుంది. వీటిలో ఏదీ రోగం కాదు.

అందువల్ల తీసివేతకు ముందు రెండు చిత్రాలనూ ఒకదానికొకటి సరిపెట్టాలి. కంప్యూటరు మొదట రొమ్ము అంచును నేపథ్యం నుంచి వేరుచేస్తుంది. ఫిలింమీద ఉండే అక్షరాలనూ గుర్తులనూ చెరిపేస్తుంది. తర్వాత కదలని ఆనవాళ్ల కోసం చూస్తుంది. అలాంటివి నిజానికి మూడే: చనుమొన, చర్మపు అంచు, ఏటవాలు చిత్రంలో పైమూల కనిపించే ఛాతీ కండరపు గీత. వాటి ఆధారంతో చిత్రాన్ని జరిపి, తిప్పి, పెంచి, తగ్గిస్తుంది. అంతటితో సరిపోదు కనుక చిత్రంమీద ఒక వలలాంటి గళ్లు ఊహించి, ఒక్కో గడినీ కొంచెం లాగి పాతదానిమీద కూర్చోబెడుతుంది. రెండింటి వెలుగునీడలనూ ఒక స్థాయికి తెచ్చాకే ఒకదానినుంచి మరొకటి తీసివేస్తుంది.

రేడియాలజిస్టు: ఆ లాగడంలోనే ప్రమాదముంది, దాన్ని నేను దాచను. మరీ తక్కువ లాగితే పాత చుక్క పక్కనే కొత్త చుక్క పడి, ఒక తెలుపు ఒక నలుపు జంటగా మిగిలి, లేని మార్పు ఉన్నట్టు చూపుతుంది. మరీ ఎక్కువ లాగనిస్తే అంతకంటే చెడ్డ పని జరుగుతుంది. కొత్తగా పెరిగిన గడ్డను కూడా నొక్కి నొక్కి పాత కణజాలంలో ఇమిడ్చేస్తుంది. రెండు చిత్రాలు చక్కగా సరిపోయాయని చెబుతుంది, గడ్డ మాయమవుతుంది.

పీహెచ్‌సీ డాక్టరు: అంటే బాగా సరిపోయిందనడమే తప్పు కావచ్చన్నమాట.

రేడియాలజిస్టు: కావచ్చు. అందుకే మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 1990ల చివర్లో వేరే దారి పట్టారు. చిత్రం మొత్తాన్ని సాగదీయలేదు. కొత్త చిత్రంలో అనుమానం కలిగిన చోటు చనుమొననుంచి ఎంత దూరంలో ఏ వైపుందో కొలిచి, పాత చిత్రంలో అంతే దూరంలో విసనకర్ర ఆకారంలో ఒక ప్రాంతం గీసి, దాని లోపల మాత్రమే జోడీ కోసం వెతికారు. మనం చేత్తో చేసే పని అదే. రేడియాలజిస్టు కూడా చనుమొననుంచి వేళ్లతో దూరం కొలిచే చూస్తారు. 1991లో షికాగోలో యిన్, గైగర్, డోయ్ బృందం ఇంకో పోలిక ప్రయత్నించింది. పాత కొత్తల మధ్య కాకుండా, ఎడమ రొమ్మును కుడిదానిమీద తిరగేసి పెట్టి చూశారు. పాత చిత్రం లేని స్త్రీకి ఆమె రెండో రొమ్మే సాక్షి. సున్నపు చుక్కల కోసం వరుస చిత్రాల తీసివేతను ఈ మధ్య సైప్రస్ విశ్వవిద్యాలయంలో పనిగట్టుకుని పరిశీలించారు.

ఇప్పుడొస్తున్న పద్ధతి వేరు. డీప్ లెర్నింగ్‌లో బిందువును బిందువుతో తీసివేయరు. ఒకే నెట్‌వర్క్ పాత చిత్రాన్నీ కొత్త చిత్రాన్నీ విడివిడిగా చదివి, ఒక్కోదానికి ఒక అంకెల సారాంశం తయారుచేస్తుంది. ఆ రెండు సారాంశాల మధ్య ఉన్న దూరంలో ఏది రోగపు మార్పు, ఏది అదిమిన తీరువల్ల వచ్చిన మార్పు అన్నది వేల జంటలను చూసి నేర్చుకుంటుంది. సరిపెట్టడం పూర్తిగా అక్కర్లేకుండా పోదు గానీ, దాని తప్పులను కొంత తట్టుకుంటుంది. దీనికి కావలసింది ఫలితం తెలిసిన జంటలు: ఈ స్త్రీకి ఆ తర్వాత క్యాన్సర్ వచ్చిందా లేదా అన్నది రాసిపెట్టి ఉన్న చిత్రాలు. అవి దొరకడమే కష్టం.

పీహెచ్‌సీ డాక్టరు: కంప్యూటరు ఆశ ఇదివరకే ఒకసారి పుట్టి వాడిపోయింది అక్కా. 1998లో అమెరికా ఎఫ్‌డీఏ ఇమేజ్‌చెకర్ అనే యంత్రానికి అనుమతి ఇచ్చింది. చిత్రంమీద అనుమానం ఉన్న చోట్ల గుర్తులు పెట్టేది. దేశమంతా కొన్నారు. 2007లో ఫెంటన్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 43 కేంద్రాల లెక్కలు బయటపెట్టింది. కంప్యూటరు వచ్చిన చోట రోగం లేనివాళ్లకు లేదని సరిగ్గా చెప్పడం 90.2 శాతం నుంచి 87.2 శాతానికి పడిపోయింది. బయాప్సీలు దాదాపు 20 శాతం పెరిగాయి. అదనంగా దొరికిన క్యాన్సర్లు లెక్కకు నిలిచేన్ని లేవు.

రేడియాలజిస్టు: ఆ మాట నిజం. ఆ యంత్రం అనవసరపు గుర్తులు చాలా పెట్టేది. అన్నీ కొట్టేయడానికే రేడియాలజిస్టుల సమయం పోయేది, విసుగొచ్చి నిజమైనదాన్నీ కొట్టేసేవాళ్లు. కానీ అది ముందున్న ఒక్క చిత్రాన్నే చూసేది. పోయినేడు కూడా అక్కడే ఉండి, ఏమాత్రం పెరగని సున్నపు ముద్దమీద కూడా గుర్తు పెట్టేది. పోలిక చేతనైతే ఆ గుర్తుల్లో చాలా వాటిని అదే తీసేయగలదు. మార్పును పట్టుకోవడం ఒక ఉపయోగం. మార్పు లేదని తేల్చి భయం తగ్గించడం రెండో ఉపయోగం. నా లెక్కలో రెండోదే పెద్దది. పాత చిత్రం పక్కన ఉంటే వెనక్కి పిలవాల్సిన స్త్రీల సంఖ్య తగ్గుతుందని రేడియాలజిస్టులందరి అనుభవం.

పీహెచ్‌సీ డాక్టరు: పెరగకపోతే ప్రమాదం లేనట్టేనా?

రేడియాలజిస్టు: ఖాయంగా కాదు. కొన్ని క్యాన్సర్లు చాలా నెమ్మదిగా పెరుగుతాయి. పోయినేటి చిత్రంతోనే పోల్చితే ఏటా అంతే ఉన్నట్టు కనిపిస్తాయి. అందుకే రెండేళ్లో మూడేళ్లో వెనకటి చిత్రాన్ని కూడా తీసి చూడాలని మాకు నేర్పుతారు. గడియారంలో చిన్నముల్లు కదలడం కంటికి కనబడదు, గంట తర్వాత చూస్తే తెలుస్తుంది. కంప్యూటరుకు ఇచ్చినా వరుస మొత్తం ఇవ్వాలి, చివరి రెండు కాదు.

ఆ తర్వాత మాట స్వీడన్ మీదికి మళ్లింది. లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టినా లాంగ్ బృందం మసాయ్ అనే పరీక్ష చేపట్టి, తొలి ఫలితాలను 2023 ఆగస్టులో లాన్సెట్ ఆంకాలజీలో ప్రకటించింది. 80,033 మంది స్త్రీలను రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టు చిత్రాలను అక్కడి ఆనవాయితీ ప్రకారం ఇద్దరేసి రేడియాలజిస్టులు చదివారు. రెండో జట్టులో ఏఐ మొదట 1 నుంచి 10 దాకా ప్రమాదపు అంకె ఇచ్చింది. పది వచ్చినవాటినే ఇద్దరు, మిగతావాటిని ఒక్కరే చదివారు. చదవాల్సిన పని 44.3 శాతం తగ్గింది. వెయ్యిమందికి దొరికిన క్యాన్సర్లు మామూలు జట్టులో 5.1, ఏఐ జట్టులో 6.1. తప్పుడు భయాలు రెండింటిలోనూ ఒకటే, 1.5 శాతం.

రేడియాలజిస్టు: 1998 నాటి యంత్రమూ ఇదీ ఒకటి కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

పీహెచ్‌సీ డాక్టరు: స్వీడన్‌లో 40 నుంచి 74 ఏళ్ల మధ్య ప్రతి స్త్రీకీ ఏడాదిన్నరకో రెండేళ్లకో పిలుపు వస్తుంది. అక్కడ తగ్గించడానికి రెండో రేడియాలజిస్టు ఉన్నాడు. నా పీహెచ్‌సీ చుట్టూ మొదటి రేడియాలజిస్టే లేడు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో దేశం మొత్తంమీద 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రొమ్ము పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా తేలలేదు. అది ఎక్స్‌రే లెక్క కాదక్కా, చేత్తో చేసే పరీక్షను కూడా కలుపుకున్న లెక్క. 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందనీ, సుమారు 98,000 మంది చనిపోయారనీ గ్లోబోకాన్ అంచనా. ఇద్దరికి వస్తే అదే ఏడాది ఒకరు పోతున్నట్టు కనిపించే అంకెలు అవి. గడ్డ చేతికి తగిలి, పుండై, వాసనొచ్చాక వచ్చేవాళ్లను నేను చూశాను. వాళ్లకు పాత చిత్రం ఎక్కడిది? లేని చిత్రంతో కంప్యూటరు దేన్ని పోలుస్తుంది?

వాదానికి ఇదే గట్టి పట్టు. పోల్చే సాఫ్ట్‌వేర్ ఎంత నేర్పరి అయినా దానికి రెండు చిత్రాలు కావాలి. భారత ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకోసారి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేత్తో చేసే పరీక్షనే చెప్పారు, మామోగ్రామ్ కాదు. ఈ ఎంపిక వెనక మహారాష్ట్రలోనే జరిగిన పెద్ద పని ఉంది. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టి 1,51,538 మంది స్త్రీలను 20 ఏళ్లపాటు గమనించింది. సగం మందికి రెండేళ్లకోసారి నాలుగు విడతలుగా చేతిపరీక్ష జరిగింది. ఫలితాలు 2021లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చాయి. పరీక్ష జరిగిన జట్టులో క్యాన్సర్లు ముందుదశలో దొరికాయి. మొత్తంమీద మరణాలు 15 శాతం తగ్గినట్టు కనిపించినా అది గణాంకపరంగా నిలిచే తేడా కాదు. 50 ఏళ్లు దాటినవాళ్లలో మాత్రం దాదాపు 30 శాతం తగ్గుదల గట్టిగా నిలిచింది.

పీహెచ్‌సీ డాక్టరు: ఈ ఫలితానికి కావలసినవి శిక్షణ ఉన్న చేతులూ, ఓపికా. కరెంటు కూడా అక్కర్లేదు. మా ఆశా కార్యకర్తలకు నెల రోజులు సరిగ్గా నేర్పిస్తే, కోర్పనా, జివతి తాలూకాల్లో మీ యంత్రం చేరని గూడేలకు కూడా వెళ్తారు. ఇంకొకటి. మన దగ్గర ఈ జబ్బు పాశ్చాత్య దేశాలకంటే సుమారు పదేళ్ల ముందే వస్తోంది. నలభైల్లో ఉన్న స్త్రీ రొమ్ము దట్టంగా ఉంటుంది. అక్కడ తెలుపులో తెలుపును వెతకాలి.

రేడియాలజిస్టు: దట్టమైన రొమ్ములో ఫిలిం కంటే డిజిటల్ మెరుగని 2005లో అమెరికా, కెనడాల్లో 49,528 మందిపై జరిగిన డీమిస్ట్ పరీక్ష చూపింది. దట్టమైన రొమ్ముకే పోలిక మరింత అవసరం. పొగమంచులో చెట్టు కనిపించదు గానీ, నిన్న లేని నీడ ఇవాళ ఉంటే తెలుస్తుంది. నువ్వు చెప్పిన ముంబై పరీక్షనే తీసుకో. చేతిపరీక్ష మేలు చేసింది 50 దాటినవాళ్లకు. మామోగ్రామ్ బాగా చదవగలిగేది కూడా వాళ్లదే. నీ చేయి కనిపెట్టినవాళ్లు నా దగ్గరికే వస్తారు. నువ్వు గడప, నేను గది.

పీహెచ్‌సీ డాక్టరు: గదికోసం గడప తీసేయకండి, అంతే నేనంటున్నది. నిధులు ఒక్కటే కుండలోవి.

ఇక్కడ ఇద్దరి మధ్యా ఒక మెట్టు దొరికింది. పాత చిత్రాలు ఇప్పటికే ఉన్న స్త్రీలు చంద్రపూర్‌లోనూ ఉన్నారు. వాళ్లు ఒక రొమ్ముకు చికిత్స అయినవాళ్లు. శస్త్రచికిత్స తర్వాత మిగిలిన రొమ్ముకూ, రొమ్మును ఉంచి గడ్డను మాత్రమే తీసిన చోట ఆ రొమ్ముకూ ఏటా మామోగ్రామ్ తీయించమని చెబుతారు. వీళ్లకు క్యాన్సర్ మళ్లీ రాగల అవకాశం ఇతరులకంటే ఎక్కువ, చిత్రాల వరుస కూడా ఉంటుంది. వీళ్ల చిత్రాలు చదవడం కష్టం. కోసి కుట్టిన చోట మచ్చ గడ్డలాగే తెల్లగా, ముళ్లతో ఉన్నట్టు కనిపిస్తుంది. రేడియేషన్ వల్ల చర్మం మందమవుతుంది, కణజాలం వాస్తుంది. తేడా కాలంలోనే తెలుస్తుంది. మచ్చ మొదటి ఒకటి రెండేళ్లలో మెల్లగా కుంచించుకుపోయి నిలకడపడుతుంది. నిలకడపడ్డాక మళ్లీ పెరగడం మొదలైతే దాన్ని మచ్చ అనుకోకూడదు. ఒక్క చిత్రం చూసి ఈ మాట ఎవరూ చెప్పలేరు. నాలుగైదేళ్ల వరుసను సరిపెట్టి, మచ్చ విస్తీర్ణాన్ని ఏటికేడు కొలిచి చూపే కంప్యూటరు ఇక్కడ కంటికి నిజంగా తోడవుతుంది.

పీహెచ్‌సీ డాక్టరు: ఇది ఒప్పుకుంటాను. వీళ్లతో మొదలుపెట్టండి. అందరికీ ఎక్స్‌రే తీస్తామని వ్యాన్లు తిప్పడం కంటే ఇది న్యాయం. కానీ ఆ పాత చిత్రాలు మీ చేతికి ఏ రూపంలో వస్తున్నాయి?

రేడియాలజిస్టు ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేదు. ప్లాస్టిక్ సంచిలో మడత పడిన ఫిలిం, గీతలు పడ్డ సీడీ, ఫోనులో తీసిన ఫిలిం ఫోటో వస్తుంటాయి. చాలాసార్లు రిపోర్టు కాగితం ఒక్కటే వస్తుంది. డిజిటల్ మామోగ్రామ్ అసలు రూపం డైకామ్ అనే ఫైలు. అందులో వేల స్థాయిల వెలుగునీడలు, యంత్రం పేరు, అదిమిన మందం, ఇచ్చిన కిరణాల మోతాదు అన్నీ నమోదై ఉంటాయి. దాన్ని ఫిలింమీద ముద్రిస్తే కంటికి చాలు గానీ కంప్యూటరు లెక్కకు కావలసింది చాలామటుకు పోతుంది. ఫోనులో ఫోటో తీసి పంపితే మిల్లీమీటరులో అయిదో వంతు చుక్క మిగలదు. ఆసుపత్రి ప్యాక్స్ అనే నిల్వలో అసలు ఫైలును ఏళ్ల తరబడి ఉంచకపోతే సాఫ్ట్‌వేర్ కొన్నా కొనకపోయినా ఒకటే. ఈ నిల్వకు అయ్యే ఖర్చు ఏఐ ఖర్చు ముందు చిన్నది. దాన్ని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ. మొదటి చిత్రాన్ని భద్రంగా దాచిన రోజే పోలిక మొదలైనట్టు.

పీహెచ్‌సీ డాక్టరు: దాచారే అనుకుందాం. అది ఎవరిదో ఎలా తెలుస్తుంది? మన ఆడవాళ్ల పేర్లు చూడండి. పుట్టింట్లో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఇక్కడి కాగితాల్లో మరాఠీ పద్ధతిలో ముందు తన పేరు, మధ్యలో తండ్రి పేరు, చివర ఇంటిపేరు. పెళ్లయ్యాక మధ్యలో భర్త పేరు వస్తుంది, చివరిదీ మారుతుంది. లక్ష్మి అన్న ఒక్క పేరునే ఒక కౌంటరులో ఒక తీరుగా, ఇంకో కౌంటరులో ఇంకో తీరుగా ఇంగ్లీషులో ఎక్కిస్తారు. కంప్యూటరుకు వాళ్లు ముగ్గురు మనుషులు.

రేడియాలజిస్టు: అంతకంటే భయం ఇద్దరు ఒక్కరైపోవడం. ఒకే పేరు, ఒకే వయసున్న వేరే స్త్రీ పాత చిత్రం తెచ్చి పక్కన పెడితే ఉన్నదంతా మార్పే. లేదా ఆమెకున్న పాత ముద్దను చూసి ఈమెకున్న కొత్త గడ్డను ఎప్పటినుంచో ఉన్నదే అనుకుంటాం. అలాంటి పోలికకంటే అసలు పోలిక లేకపోవడమే మేలు. అందుకే ఆభా సంఖ్యను చిత్రానికి కట్టమంటున్నాను. 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌తో వచ్చిన 14 అంకెల సంఖ్య అది. పేరు ఎన్ని రకాలుగా రాసినా సంఖ్య ఒకటే. యంత్రం ముందు నిలబెట్టకముందే ఆ సంఖ్య ఎక్కించాలి.

యంత్రాలు మారడం ఇంకో చిక్కు. ఒక కంపెనీ యంత్రం ఇచ్చే తెలుపు మరో కంపెనీది ఇవ్వదు. ఒకే యంత్రంలో సాఫ్ట్‌వేర్ కొత్తది వేసినా చిత్రపు మెరుగు మారుతుంది. చదివే మనిషికి అది ఇట్టే తెలుస్తుంది. నేర్చుకున్న జంటల్లో ఆ రకం లేకపోతే కంప్యూటరు దాన్ని శరీరంలో వచ్చిన మార్పుగా లెక్కించవచ్చు. యూరప్, అమెరికా స్త్రీల చిత్రాలతో నేర్చిన ప్రోగ్రాము చంద్రపూర్ స్త్రీల రొమ్ములమీద ఎలా పనిచేస్తుందో ఇక్కడి చిత్రాలతోనే, ఇక్కడి ఫలితాలతోనే సరిచూసుకోవాలి. రోగాన్ని నిర్ణయించే సాఫ్ట్‌వేర్‌ను 2020 ఏప్రిల్ 1 నుంచి మన చట్టం వైద్య పరికరంగానే చూస్తోంది కనుక అనుమతి తప్పదు. ఆ అనుమతి పరికరాన్ని అమ్మడానికి సరిపోతుంది. ఒక ఆసుపత్రిలో రోజూ వచ్చే చిత్రాలమీద అది సరిగ్గా నడుస్తోందా లేదా చూడాల్సింది ఆ ఆసుపత్రే.

పీహెచ్‌సీ డాక్టరు: కంప్యూటరు మార్పు ఉందంది, మీ కంటికి కనబడలేదు. అప్పుడు?

రేడియాలజిస్టు: అది చూపిన చోట మరో కోణంలో, పెద్దది చేసి, మళ్లీ తీయిస్తాను. అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తాను. అప్పటికీ ఏమీ లేకపోతే ఆరు నెలల తర్వాత రమ్మంటాను. సంతకం నాదే, బాధ్యతా నాదే.

పీహెచ్‌సీ డాక్టరు: ఆ ఆరు నెలలు ఆమె ఎలా నిద్రపోతుందో నాకు తెలుసు. మళ్లీ రావాలంటే ఒక కూలిరోజు, బస్సు ఖర్చు, తోడు వచ్చే మనిషి కూలి, ఇంట్లో మాటలు. ఆ భయాన్ని కూడా మీ లెక్కలో వేయండి. ఎన్ని గడ్డలు పట్టారో చెప్పే ప్రతి పట్టికలో, ఎందరిని ఊరికే పిలిచారో కూడా పక్కనే రాయండి.

రేడియాలజిస్టు: రాస్తాను. అది అడగాల్సినదే.

మిగిలిన తగువు సరిహద్దు దగ్గర ఉంది. జివతి తాలూకాలో తెలంగాణ అంచున ఉన్న 14 గ్రామాలను రెండు రాష్ట్రాలూ తమవేనంటాయి. అక్కడివాళ్లలో చాలామందికి రెండువైపుల ఓటరు కార్డులూ, రేషన్ కార్డులూ ఉన్నాయి. మాట్లాడేది మరాఠీ, తెలుగు, గోండీ, లంబాడీ. జబ్బు చేస్తే ఎటు బస్సు దొరికితే అటు పోతారు. ఒకసారి ఆదిలాబాద్, మరోసారి చంద్రపూర్. అటు వెళ్తే ఆరోగ్యశ్రీ, ఇటు వస్తే మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన. ఒకే స్త్రీ మొదటి చిత్రం ఒక రాష్ట్రపు నిల్వలో, రెండోది ఇంకో రాష్ట్రపు నిల్వలో ఉండిపోయే వీలుంది.

రేడియాలజిస్టు: ఆభా సంఖ్యకు సరిహద్దు లేదు. రెండు ఆసుపత్రులూ దాన్నే వాడి, ఆమె ఒప్పుకుంటే, అటు చిత్రం ఇటు తెప్పించుకోవచ్చు. చిత్రాలు పంచుకుందామని రెండువైపులా ఒక్క కాగితంమీద రాసుకుంటే చాలు.

పీహెచ్‌సీ డాక్టరు: ఆ కాగితం కుదిరేదాకా నేను ఆమె చేతికే ఇస్తాను అక్కా. ఫిలిం కాదు, అసలు ఫైలు ఉన్న సీడీ, దానిమీద పేరూ తారీఖూ ఆభా సంఖ్యా. రేషన్ కార్డు పెట్టుకునే చోటే పెట్టుకోమంటాను. మీ దగ్గరికి వచ్చినప్పుడు ముందు ఆ సీడీ అడగండి, ఆ తర్వాతే కొత్తది తీయండి.

రేడియాలజిస్టు: అడుగుతాను. నువ్వు చేత్తో చూసినప్పుడు ఏ రొమ్ములో, చనుమొనకు ఎటువైపు, ఎన్ని వేళ్ల దూరంలో తగిలిందో కూడా ఒక బొమ్మగీసి పంపు. కంప్యూటరు చూపిన చోటూ నీ వేలు చూపిన చోటూ ఒకటేనా కాదా, నేను మొదట చూసుకునేది అదే.